సర్వర్ వేడిని గ్రాఫ్‌గా గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లోని చిన్న ఆసుపత్రులు, కాలేజీలు, బట్టల షాపులు, మిర్చి వ్యాపారుల ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన సందేహాలివి. మార్చి నెలాఖరు నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఇవే ఫోన్లు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

## మొదలుపెట్టే ముందు

సర్వర్ గదిలో ఏసీ ఉంది కదండీ, మళ్లీ గ్రాఫ్ దేనికి?

ఏసీ ఆగిన సంగతి మనకు ఎవరూ చెప్పరు కాబట్టి. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇది: కరెంటు పోతుంది. సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి. ఏసీ యూపీఎస్ మీద ఉండదు, ఆగిపోతుంది. కరెంటు తిరిగొచ్చాక కొన్ని ఏసీలు వాటంతటవి మొదలవ్వవు, ఎవరో ఒకరు రిమోట్ నొక్కాలి. శనివారం రాత్రి ఇలా జరిగితే సోమవారం పొద్దున దాకా ఆ గది తలుపు తీసేవాళ్లుండరు.

గుంటూరులో నేను చూసుకునే ఒక ఆఫీసులో మే నెలలో అచ్చం ఇలాగే జరిగింది. సోమవారం తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. రెండు హార్డ్ డిస్కులు పోయాయి. బ్యాకప్ ఉండబట్టి లెక్కలు దక్కాయి. ఆ ఆఫీసులో గ్రాఫులు లేక కాదు. సీపీయూ వాడకానికి ఒకటి, నెట్‌వర్క్ ట్రాఫిక్‌కి ఒకటి ఉన్నాయి. ఆ రెండూ శని, ఆదివారాల్లో మామూలుగానే ఉన్నాయి. వాటి పక్కన గది వేడి గీత ఒక్కటి ఉండుంటే శనివారం రాత్రే తెలిసేది. అప్పటినుంచి ఏ ఆఫీసుకి వెళ్లినా నేను ముందు గీసేది ఆ గీతే.

ఏసీ ఆగితే గది ఎంతసేపట్లో వేడెక్కుతుంది?

మనం అనుకునేదానికంటే తొందరగా. సర్వర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఒక్కోటి 300 వాట్లు తీసుకునే సర్వర్లు నాలుగుంటే 1200 వాట్ల హీటర్ గదిలో పెట్టినట్టే. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలిని ఒక్కదాన్నే లెక్కేస్తే సుమారు అర నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెరగాలి. గోడలు, ర్యాకు, యూపీఎస్ కొంత వేడి పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా అంత వేగం ఉండదు. అయినా మధ్యాహ్నం పూట, పడమటి ఎండ తగిలే గోడ ఉన్న గదిలో, మీరు భోజనానికి వెళ్లొచ్చేలోపే పరిస్థితి మారిపోతుంది.

సీపీయూ వేడి కొలవాలా, గది వేడా?

రెండూ. ఒక్కటే కుదురుతుందంటే గది వేడి, అదీ సర్వర్ ముందువైపు గాలి లోపలికి వెళ్లేచోట. సీపీయూ వేడి పనిని బట్టి నిమిషాల్లో ఎగిరి దిగుతుంది. 70 చూపిస్తే పని ఎక్కువైందో, ఫ్యాన్ ఆగిందో, ఏసీ ఆగిందో దాన్ని చూసి చెప్పలేం. గది గీత పక్కనే ఉంటే చిక్కు విడిపోతుంది. రెండూ కలిసి పెరిగితే ఏసీ సంగతి చూడాలి. సీపీయూ ఒక్కటే పెరిగితే ఆ సర్వర్ సంగతి చూడాలి.

ఎన్ని డిగ్రీలు ఉంటే మంచిది?

సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఏసీ, కూలింగ్ ఇంజనీర్ల సంస్థ ఆష్రే సిఫారసు. చాలా సర్వర్లు 35 దాకా తట్టుకునేలానే తయారవుతాయి, కానీ అది హద్దు, రోజూ ఉండాల్సిన చోటు కాదు. సీపీయూకి ఎంతవరకు ఫర్వాలేదన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. లైనక్స్‌లో సెన్సర్స్ కమాండ్ కొడితే చాలా చిప్‌లకు రీడింగ్ పక్కనే హై, క్రిట్ అని రెండు హద్దులు కనిపిస్తాయి. మీ యంత్రానికి ఆ అంకెలే ప్రమాణం.

యూపీఎస్ బ్యాటరీలు కూడా అదే గదిలో ఉంటే ఇంకో లెక్క ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగం తగ్గుతుంది. సర్వర్ తట్టుకున్నా బ్యాటరీ తట్టుకోదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? డబ్బు కట్టాలా?

కట్టక్కర్లేదు. క్యాక్టి, జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్, ప్రొమీథియస్‌తో గ్రఫానా, ఇవన్నీ ఉచితంగా దొరికేవే. పది పన్నెండు పరికరాలున్న ఆఫీసుకి, రోజూ దాని మీదే కూర్చునే మనిషి లేనిచోట, లిబ్రెఎన్‌ఎంఎస్ పెట్టమంటాను. పరికరాన్ని చేర్చగానే దానిలోని సెన్సర్లను అదే వెతికి పట్టుకుంటుంది. అలర్టులు లోతుగా కావాలంటే జాబిక్స్. క్యాక్టి పాతదే అయినా గ్రాఫు ఎలా తయారవుతుందో నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. ఎంఆర్‌టీజీ 1995 నాటిది, ఇంకా పనిచేస్తుంది. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది వద్దు. ట్రాఫిక్ కోసం పుట్టిన సాధనం కాబట్టి ప్రతి గ్రాఫ్‌కీ రెండు అంకెలు అడుగుతుంది, వేడికి దాన్ని ఒప్పించడం తలనొప్పి.

దీనికోసం ఇంకో సర్వర్ కొనాలా?

వద్దు. పాత డెస్క్‌టాప్ చాలు. కాకపోతే కొలవాల్సిన సర్వర్ మీదే మానిటరింగ్ పెట్టకండి. అది ఆగిపోతే చెప్పేవాళ్లు కూడా ఆగిపోయినట్టే.

## రీడింగ్ రాబట్టడం

లైనక్స్ సర్వర్‌లో వేడి ఎక్కడ కనిపిస్తుంది?

ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ వేసి, సెన్సర్స్-డిటెక్ట్ ఒకసారి నడపండి. అది అడిగే ప్రశ్నలకు ఎంటర్ నొక్కుతూ పోతే చాలు. తర్వాత సెన్సర్స్ అని కొడితే సీపీయూ కోర్లు, బోర్డు, ఫ్యాన్లు కనిపిస్తాయి. హార్డ్ డిస్క్ వేడి స్మార్ట్ సీటీఎల్ కమాండ్‌తో వస్తుంది, చాలా డిస్కుల్లో 194వ నంబరు వరుసలో. లైనక్స్ కెర్నెల్ 5.6 నుంచి డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూల్ కూడా ఉంది. అది లోడ్ చేస్తే సాటా డిస్కుల వేడి కూడా సెన్సర్స్ జాబితాలోనే చేరుతుంది.

అన్నా, సెన్సర్స్ కమాండ్‌లో వేడి కనిపిస్తోంది, కానీ మానిటరింగ్ పీసీ నుంచి ఎస్ఎన్ఎంపీ వాక్ చేస్తే ఏమీ రావట్లేదు. ఎందుకు?

నాకొచ్చే ఫోన్లలో మొదటి స్థానం దీనిదే. ఎస్ఎన్ఎంపీ అంటే పరికరాల రీడింగులను నెట్‌వర్క్ మీద అడిగి తెచ్చుకునే పద్ధతి, వాక్ అంటే ఉన్నవన్నీ వరుసగా అడగడం. డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల్లో ఎస్ఎన్ఎంపీ సర్వీసు వేయగానే దానికి రెండు తాళాలు వేసి ఉంటాయి. చాలామంది ఒకటి తీసి రెండోది మరిచిపోతారు.

మొదటి తాళం అడ్రస్ది. ఆ సర్వీసు 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, అంటే తనలో తనే మాట్లాడుకుంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఏజెంట్ అడ్రస్ వరుసకు సర్వర్ ఐపీని చేర్చాలి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 161 పోర్టుని మానిటరింగ్ పీసీకి మాత్రమే తెరవాలి.

రెండో తాళం వ్యూది, అంటే అడిగినవాళ్లకు ఏయే రీడింగులు చూపించాలన్న జాబితాది. మొదట్లో ఉండే వ్యూలో 1.3.6.1.2.1.1, 1.3.6.1.2.1.25.1 అనే రెండు కొమ్మలే ఉంటాయి. సర్వర్ పేరు, ఎంతసేపటినుంచి నడుస్తోంది లాంటివి వస్తాయి. అవి రాగానే అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది. వేడి రీడింగులు మాత్రం 1.3.6.1.4.1.2021.13.16 కొమ్మ కింద ఉంటాయి. దాన్ని కూడా వ్యూలో చేర్చి సర్వీసుని రీస్టార్ట్ చేయండి. సెన్సర్ల పేర్లు ఆ కొమ్మ చివర 2.1.2 కింద, విలువలు 2.1.3 కింద వస్తాయి.

45 రావాల్సింది 45000 అని వస్తోంది. సెన్సర్ పాడైందా?

లేదు, సెన్సర్ బాగానే ఉంది. నెట్-ఎస్ఎన్ఎంపీ, అంటే లైనక్స్‌లోని ఆ ఎస్ఎన్ఎంపీ సర్వీసు, వేడిని డిగ్రీలో వెయ్యో వంతు చొప్పున పంపుతుంది, అందుకే వెయ్యితో భాగించాలి. జాబిక్స్‌లో ఐటమ్‌కి ప్రీప్రాసెసింగ్‌లో 0.001 గుణకం పెడితే సరిపోతుంది. క్యాక్టిలో సీడెఫ్ (గ్రాఫ్ మీద వేసే లెక్క) రాసి 1000తో భాగించండి. అక్కడ ఒక జాగ్రత్త అవసరం: డేటా సోర్స్‌కి గరిష్ఠ విలువ 100 అని పెట్టి ఉంటే 45000 ఆ హద్దు దాటుతుంది కాబట్టి ఆర్ఆర్‌డీ (క్యాక్టి రీడింగులు దాచే ఫైలు) దాన్ని పారేస్తుంది. సీడెఫ్ పనిచేసేది గ్రాఫ్ గీసేటప్పుడు. నిల్వ దగ్గరే పోయిన అంకెను అది తీసుకురాలేదు. గరిష్ఠ విలువను 150000కి పెంచండి.

ఐడ్రాక్, ఐలో ఉన్న సర్వర్లకు కూడా ఇదంతా చేయాలా?

వాటికి ఇంకా తేలిక. డెల్ వాళ్ల ఐడ్రాక్, హెచ్‌పీ వాళ్ల ఐలో అనేవి సర్వర్ లోపలే ఉండే వేరే చిన్న కంప్యూటర్లు. వాటిని నేరుగా ఎస్ఎన్ఎంపీతోనో, హార్డ్‌వేర్‌ని దూరం నుంచి చూసుకునే ఐపీఎంఐ అనే పద్ధతితోనో అడగొచ్చు, లోపల విండోస్ ఉన్నా లైనక్స్ ఉన్నా తేడా లేదు. సర్వర్ ముందువైపు గాలి వేడిని కూడా చాలా మోడళ్లలో అవే చెబుతాయి, ఇన్‌లెట్ టెంపరేచర్ అన్న పేరుతో. డెల్ రీడింగులు డిగ్రీలో పదో వంతు చొప్పున వస్తాయి, 230 అంటే 23 డిగ్రీలు. హెచ్‌పీ నేరుగా డిగ్రీల్లోనే పంపుతుంది. అయితే ఐపీఎంఐ పోర్టుని, అంటే యూడీపీ 623ని, ఇంటర్నెట్‌కి మాత్రం ఎప్పుడూ తెరవకండి.

విండోస్ సర్వర్‌లో ఎస్ఎన్ఎంపీ ఆన్ చేశాను. వేడి ఎందుకు రావట్లేదు?

విండోస్‌తో వచ్చే ఎస్ఎన్ఎంపీ సర్వీసులో సెన్సర్ల వివరాలు ఉండవు. ఐడ్రాక్ లాంటిది ఉంటే దాన్నే అడగండి. అసెంబుల్డ్ పీసీనే సర్వర్‌గా వాడుతుంటే లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ లాంటి ప్రోగ్రామ్ నడిపి, దాని రీడింగ్‌ని జాబిక్స్ ఏజెంట్ ద్వారా పంపించొచ్చు.

వర్చువల్ మెషీన్‌లో సెన్సర్లు ఏవీ దొరకలేదంటోంది.

దొరకవు. వేడెక్కేది అసలు యంత్రం. హోస్ట్‌ని కొలవండి.

గదికి విడిగా సెన్సర్ పెట్టాలంటే ఏది తీసుకోవాలి?

డబ్బు పెట్టగలిగితే ఎస్ఎన్ఎంపీ ఉన్న సెన్సర్ పెట్టె కొనండి. తక్కువ ఖర్చులో కావాలంటే రాస్‌బెరీ పై బోర్డుకి డీఎస్18బీ20 సెన్సర్. అది మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూగా కొలుస్తుంది. డేటా వైరుకీ పవర్ వైరుకీ మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేయడం మరవకండి. గ్రాఫ్‌లో ఉన్నట్టుండి సరిగ్గా 85 అని సూది మొనలా లేస్తే గది కాలిపోతోందని టెన్షన్ పడొద్దు. ఆ సెన్సర్‌కి కరెంటు అందగానే దానిలో ఉండే మొదటి అంకె అది. వైరింగ్ వదులుగా ఉందేమో చూడండి, స్క్రిప్టులో ఆ అంకెను వదిలేయమని రాయండి.

సెన్సర్‌ని ఎక్కడ తగిలిస్తామన్నది దాని ధర కంటే ముఖ్యం. ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెడితే ఎప్పుడూ 20 చూపిస్తుంది, అది ఏసీ మూతి దగ్గరి వేడి. ర్యాకు వెనక పెడితే ఎప్పుడూ 38 చూపిస్తుంది, అది సర్వర్లు వదిలే గాలి. ర్యాకు ముందు తలుపు మీద, పైనుంచి మూడో వంతు ఎత్తులో కట్టండి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి ఇబ్బంది ముందుగా తెలిసేది అక్కడే.

## గ్రాఫ్ గీయడం

రీడింగ్ వస్తోంది గానీ గ్రాఫ్ మాత్రం సున్నా దగ్గర గీతలా పడుకుంది. ఏంటిది?

డేటా సోర్స్ రకం కౌంటర్ అని పెట్టి ఉంటారు. కౌంటర్ అనేది కరెంటు మీటరు లాంటిది, అంకె ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది, పాత అంకెకీ కొత్త అంకెకీ తేడాయే మనకు కావాలి. నెట్‌వర్క్ ట్రాఫిక్‌కి అది సరైనది. వేడి అలా కాదు, జ్వరం చూసే థర్మామీటరు లాంటిది, ఆ క్షణాన ఎంతుందో అదే విలువ. దానికి గేజ్ అని పెట్టాలి. క్యాక్టిలో టెంప్లేటు మార్చినంత మాత్రాన ముందే తయారైన ఆర్ఆర్‌డీ ఫైలు మారదు. ఆర్ఆర్‌డీటూల్ ట్యూన్‌తో మార్చండి, లేదా పాత ఫైలు తీసేసి కొత్తది తయారవనివ్వండి. అందులో ఉన్నది ఎలాగూ తప్పు లెక్కే కాబట్టి నేనైతే తీసేస్తాను.

గీత మధ్యమధ్యలో తెగిపోతోంది.

ఆ సమయంలో జవాబు అందలేదని అర్థం. క్యాక్టి మామూలుగా 300 సెకన్లకోసారి అడుగుతుంది. 600 సెకన్లు దాటినా కొత్త విలువ రాకపోతే ఆర్ఆర్‌డీ ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. టైమ్‌అవుట్ కొంచెం పెంచండి. స్క్రిప్టు స్మార్ట్ సీటీఎల్‌ని పిలుస్తుంటే ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. దయచేసి ఖాళీలను సున్నాతో నింపే ఏర్పాటు చేయొద్దు. ఖాళీ అంటే తెలియదు అని, సున్నా అంటే గది గడ్డకట్టింది అని. రెండూ ఒకటి కావు.

నిన్న 81 డిగ్రీలు నా కళ్లతో చూశాను. ఇవాళ నెల గ్రాఫ్ తీస్తే 60 దాటలేదు. లెక్క ఎక్కడికి పోయింది?

సగటులో కలిసిపోయింది. ఆర్ఆర్‌డీ ఫైలు పరిమాణం పెరగదు. కొత్త రీడింగులను విడివిడిగా ఉంచి, పాతబడేకొద్దీ కొన్నింటిని కలిపి ఒకటిగా చేస్తుంది. అరగంటలో ఒక్కసారి 81కి ఎగిరి మిగతా అయిదుసార్లు 55 ఉంటే సగటు 60 లోపే. వేడి విషయంలో మనకు కావలసింది ఆ ఎగిరిన అంకే. అందుకే ఫైలు తయారుచేసేటప్పుడే యావరేజ్‌తో పాటు మ్యాక్స్ కూడా నిల్వ చేయమని చెప్పి, గ్రాఫ్‌లో రెండు గీతలూ వేయండి. జాబిక్స్ ట్రెండ్స్‌లో గంటకోసారి కనిష్ఠం, సగటు, గరిష్ఠం మూడూ ఉంచుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. ప్రొమీథియస్ సగటు చేయదు, కానీ మనం మార్చకపోతే 15 రోజులకు మించి దాచదు. ఈ ఏడాది మే నెలను వచ్చే ఏడాది మేతో పోల్చుకోవాలంటే ఆ గడువు ముందే పెంచుకోవాలి.

రీబూట్ చేశాక సీపీయూ గ్రాఫ్‌లో డిస్క్ వేడి కనిపిస్తోంది!

సెన్సర్ల వరుస నంబర్లు మారాయి. కొత్త మాడ్యూల్ లోడ్ అయినా, డ్రైవర్లు లేచే క్రమం మారినా నిన్నటి 1వ సెన్సర్ ఇవాళ 3వది అవుతుంది. గ్రాఫ్‌ని నంబరుకి కాకుండా సెన్సర్ పేరుకి ముడిపెట్టండి. క్యాక్టిలో డేటా క్వెరీకి రీఇండెక్స్ పద్ధతి ఎంచుకునే చోటుంది, అది వాడండి.

సర్వర్లన్నిటినీ ఒకే గ్రాఫ్‌లో వేయొచ్చా?

గది వేడి, ఇన్‌లెట్ వేడి అయితే వేయండి, పోల్చడానికి బాగుంటుంది. ఇరవై సీపీయూ కోర్లను ఒకే బొమ్మలో వేస్తే రంగుల చిక్కు తప్ప ఏమీ కనిపించదు. కోర్లలో గరిష్ఠం ఒక్కటి వేస్తే చాలు. నిలువు అక్షాన్ని మాత్రం కదలకుండా కట్టేయండి, గదికి 15 నుంచి 45 దాకా. సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే 23కీ 24కీ మధ్య తేడాను కొండలా గీసి చూపిస్తుంది.

## అలర్టులు

ఎన్ని డిగ్రీలకు అలర్ట్ పెట్టాలి?

గదికి నేను 30 దగ్గర హెచ్చరిక, 35 దగ్గర అత్యవసరం పెడతాను. దీనికి తోడు పెరిగే వేగానికి ఇంకొకటి: పది నిమిషాల్లో 4 డిగ్రీలు పెరిగితే వెంటనే మెసేజ్. గది 22 దగ్గర ఉండగా ఏసీ ఆగితే 30 చేరేదాకా ఎదురుచూడక్కర్లేదు, ఈ మూడోది ముందే పిలుస్తుంది. దీనికోసం గది సెన్సర్‌ని నిమిషానికోసారి అడగాలి, అయిదు నిమిషాలు చాలా ఎక్కువ.

రాత్రంతా వచ్చింది, పోయింది అని మెసేజ్‌లే. నిద్ర లేదు.

వేడి సరిగ్గా హద్దు మీద ఊగుతోంది: 29.9, 30.1, మళ్లీ 29.9. మోగే అంకెనీ ఆగే అంకెనీ వేరు చేయండి. 30కి మోగాలి, 28కి దిగాకే ఆగాలి. జాబిక్స్‌లో రికవరీ ఎక్స్‌ప్రెషన్ ఉన్నది ఇందుకే. వరుసగా మూడు రీడింగులు హద్దు దాటాకే మోగేలా పెడితే ఇంకా నయం. దీన్ని ఆలస్యం చేయకండి. వారం రోజులు ఊరికే మోగిన అలర్టుని ఎనిమిదో రోజు ఎవరూ చూడరు.

కరెంటు పోయిన రోజే మెసేజ్ రాలేదు. ఎందుకలా?

మెసేజ్ వెళ్లే దారిలో ఏదో ఒకటి యూపీఎస్ మీద లేదు. మానిటరింగ్ పీసీ, స్విచ్, రౌటర్, ఫైబర్ పెట్టె, నాలుగూ ఉండాలి. ఫైబర్ పెట్టెని చాలాచోట్ల గోడ ప్లగ్గుకే గుచ్చి వదిలేస్తారు. అన్నీ ఉన్నా బయట కంపెనీ లైను పోవచ్చు కాబట్టి సిమ్ కార్డు వేసిన యూఎస్‌బీ మోడెమ్‌తో ఎస్ఎంఎస్ వెళ్లే రెండో దారి పెట్టండి. రిసెప్షన్‌లోని అత్తమ్మ వయసు ఆవిడకైనా, వాచ్‌మన్‌కైనా అర్థమయ్యేలా మెసేజ్ తెలుగులో రాయండి: "సర్వర్ గది 34 డిగ్రీలు. ఏసీ ఆన్ చేయండి." ఏసీ రిమోట్‌ని గది బయట గోడకి తగిలించండి.

అలర్ట్ వచ్చింది. నేను ఊళ్లో లేను. ఏం చేయాలి?

ముందు ఏసీ ఆన్ చేయించండి. కుదరకపోతే తలుపు తీసి పెడస్టల్ ఫ్యాన్ బయట చల్లగా ఉన్న వరండా వైపు నుంచి లోపలికి తిప్పమనండి. మే నెల మధ్యాహ్నం బయట గాలి లోపలికంటే వేడిగా ఉంటే అది పనికిరాదు. అప్పుడు టెస్ట్ సర్వర్, పాత ఫైల్ సర్వర్ లాంటి అత్యవసరం కానివాటిని దూరం నుంచే పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. వాట్లు తగ్గిన వెంటనే గీత వాలు తగ్గడం కనిపిస్తుంది. ఏవి ముందు ఆపాలో రాసిన కాగితం ముందే ఉండాలి, ఆ గాభరాలో తోచదు.

## గీత చదవడం

రోజూ మధ్యాహ్నం మూడింటికి పెరిగి రాత్రికి తగ్గుతోంది. ఏసీ పాడవుతోందా?

రెండు మూడు డిగ్రీలైతే ఎండ ప్రభావమే. ఆరేడు డిగ్రీలైతే ఏసీ సామర్థ్యం చాలట్లేదు. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీసేస్తుంది, కానీ బయటి యూనిట్ ఎండలో రేకుల మీద మాడుతుంటే అంత తీయలేదు. దానికి నీడ కల్పించండి, గాలి ఆడే జాగా వదలండి. గవర్నర్‌పేటలోనూ బ్రాడీపేటలోనూ ఇరుకు సందుల్లో నాలుగు యూనిట్లు ఎదురెదురుగా బిగించి, ఒకదాని వేడి గాలి ఇంకోటి పీల్చడం చూశాను.

రాత్రి రెండింటికి సీపీయూ 20 డిగ్రీలు లేస్తోంది.

బ్యాకప్ నడుస్తుంటుంది. గది గీత కదలకపోతే వదిలేయండి.

గది వేడి మారలేదు, ఒక్క సర్వర్ మాత్రం నెలనెలా ఒక డిగ్రీ పైకి పోతోంది.

దుమ్ము, లేదా ఫ్యాన్. ఫ్యాన్ వేగాన్ని కూడా అదే గ్రాఫ్‌లో వేసి చూడండి. వేగం కూడా పెరుగుతూ వస్తుంటే దుమ్ము పట్టి గాలి ఆడక ఫ్యాన్ కష్టపడుతోందని, ఒక ఫ్యాన్ వేగం పడిపోతే ఆ ఫ్యాన్ పోబోతోందని. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆఫీసుల్లో ఏడాదికి ఒకసారి దుమ్ము దులిపితే చాలదు, మూడు నెలలకోసారి ఫిల్టర్లు విప్పాల్సిందే. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. శుభ్రం చేసిన రోజు గ్రాఫ్ మీద ఒక గుర్తు పెట్టుకుంటే, గీత ఎన్ని డిగ్రీలు దిగిందో చూసి మళ్లీ ఎప్పుడు విప్పాలో తేదీ మీరే నిర్ణయించుకోవచ్చు.